చెక్కిన పేరు కంటే అతుకు గీత: ఆరేళ్లు వాడిన నకిరి కత్తి

ఆరేళ్ల కిందట చెన్నైలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం దగ్గర ఈ జపాన్ కత్తిని కొన్నాను. నకిరి అంటే కూరగాయలు తరిగే, పలకలాంటి దీర్ఘచతురస్రపు కత్తి; దాని ఆకారం, కొలతలు చేతితో చేసిన కత్తులు సేకరించేవారందరికీ తెలిసినవే. అప్పుడు నన్ను ఆకట్టుకున్నది దాని మీద ఉలితో చెక్కిన పేరు, దాని అక్షరాలు. అవి అచ్చు వేసినట్టు ఒకే లోతులో కాక, ఒక్కొక్క గీత ఒక్కో ఒత్తిడితో ఉండడం చూసి, ఇది అసలైన చేతి పనేనని మిత్రులందరికీ గట్టిగా చెప్పాను.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. కత్తులకు పేరుపొందిన జపాన్ నగరం సకాయ్‌లో కత్తిని సాగగొట్టేవారు ఒకరు, పదును పెట్టేవారు ఒకరు, పిడి వేసేవారు మరొకరు. కనుక రేకు మీది పేరు చాలాసార్లు కమ్మరిది కాక, ఆ పని చేయించిన దుకాణానిదై ఉంటుంది.

నాకు నిజంగా నమ్మకం కలిగింది కత్తి దెబ్బతిన్న రోజున. నాలుగో వేసవిలో అమ్మ నెల్లూరు నుంచి ఆవకాయ పెట్టడానికి వచ్చింది. కాయలు కొట్టించకుండా ఇంటికి తెచ్చిన నేను, పదును మీది నమ్మకంతో, టెంకతో సహా ముక్కలు చేయడానికి ఈ కత్తినే తీశాను. నాలుగు కాయలు తెగాయి. అయిదోది బాగా టెంక కట్టిన కాయ. సన్నని చప్పుడు వినిపించింది, అంచులో బియ్యపు గింజంత ముక్క ఊడిపోయింది. "టెంకకు ఈ కత్తి ఏమిటి నాయనా, కత్తిపీట ఏమయింది?" అంది అమ్మ. అంత గట్టి ఉక్కు సన్నగా తరగడానికే గాని, టెంక మీద కొట్టడానికి కాదని తెలిసీ చేసిన తప్పు అది.

రెండు సాయంత్రాలు గరుకైన (400 గ్రిట్) సానరాయి మీద అంచును వెనక్కి అరగదీశాను. అంచు పైకి జరిగేకొద్దీ, మధ్యనున్న మెరిసే ఉక్కుకూ రెండు పక్కలా దాన్ని కప్పిన మసక ఇనుముకూ నడుమ ఉన్న గీత కూడా, చిన్న చిన్న వంకరలతో, ఎక్కడా తెగకుండా పైకి జరిగింది. తరువాత ఉల్లిపాయలు తరిగితే అంచు వెంట నీలి బూడిద రంగు, పైన గోధుమ రంగు విడివిడిగా తేలాయి. పైపైన గీసిన గీతైతే అరిగిపోయేది. ఆ గీతను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

డమాస్కస్, అంటే పొరలు పొరలుగా అతికిన ఉక్కు, అని చెప్పి ఒకరు నాకు అమ్మిన మరో కత్తి మీది అలల్లాంటి గీతలు మూడో సానకే అరిగిపోయాయి, ఉల్లిపాయలు, పులుపు తగిలినా మళ్లీ తేలలేదు. వెన్ను మీద ఒక్క పొర కూడా లేదు. అసలైన పొరల కత్తిలో వెన్ను మీద కూడా గీతలు కనిపిస్తాయి, అరిగి మసకబారినా ఆమ్లం తగిలితే తిరిగి తేలతాయి.

అయితే గీత ఒక్కటే చాలదు. ముందే అతికించిన ఉక్కు, ఇనుము పలకలు దొరుకుతాయి కనుక, గీత ఉన్నంత మాత్రాన ఎవరో సుత్తితో అతికించారని చెప్పలేము. పిడి దగ్గర మందంగా మొదలై మొన వైపు క్రమంగా పలచబడే వెన్నును కూడా చూసి, నాది చేతి పనేనని అనుకుంటున్నాను.

చెన్నై గాలిలోని తేమకు, తడిగా వదిలేస్తే ఇది అరగంటలో తుప్పు చుక్క పట్టగలదు. మా ఇంట్లో తరిగేది నేనొక్కడినే, తరిగిన వెంటనే తుడుస్తాను, అందుకే నాకు సరిపోయింది. నలుగురి చేతులు పడే వంటింట్లో, తడిగా సింకులో పడి ఉండే అవకాశం ఉన్నచోట, దీన్ని కొనమని చెప్పడానికి నాకు మనసొప్పదు. మామిడికాయలకు మాత్రం ఇప్పుడు కత్తిపీటే వాడుతున్నాను.