బిట్‌కాయిన్ మిషన్లు: ఆపెయ్యాలా, రేటు గట్టిగా వెయ్యాలా?

హన్మకొండలో మా మేనల్లుడు అద్దెకుంటున్న ఇంటి పై గదిలో సెకండ్‌హ్యాండ్ యాంట్‌మైనర్ పెట్టిండు. అంటే రాత్రింబగళ్లు లెక్కలు కట్టి బిట్‌కాయిన్లు సంపాదించే కంప్యూటర్ మిషన్; ఆ పనినే మైనింగ్ అంటారు. రెండో రాత్రికే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది: "ఇదేం లొల్లి బిడ్డా, పిండిగిర్ని పక్కన పండుకున్నట్టుంది!"

లొల్లి సంగతి తర్వాత. ఎస్19 రకం మిషన్ 3,250 వాట్లు లాగుతుంది. 5 హెచ్‌పీ బోరు మోటారు కంటే కాస్త తక్కువ, అంతే. కానీ మడి తడిస్తే మోటారు కట్టేస్తాం. దీన్ని కట్టేసేవాడు ఉండడు. రోజుకు 78 యూనిట్లు, నెలకు 2,340.

ఇలాంటివి వేలల్లో దిగితే ఊరు ఏం చెయ్యాలి? అమెరికాలో రెండు దారులు తొక్కారు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్ 20 వేల జనాభా ఉన్న చిన్న పట్నం. జలవిద్యుత్తు కారుచౌకగా వస్తుంది, కానీ కోటా 104 మెగావాట్లే. అది దాటితే బయట మార్కెట్లో కొనాలి, ఆ భారం అందరి బిల్లుల మీదా పడుతుంది. చలికాలంలో ఇళ్లకు కరెంటు హీటర్లే దిక్కు. మైనింగ్ వాళ్లు తోడవడంతో జనం బిల్లులు ఎగబాకాయి. 2018 మార్చిలో కొత్త మైనింగ్‌ను 18 నెలలు ఆపేశారు. గడువు తీరకముందే, 2019లో ఎత్తేశారు. అప్పటికి అదనపు కరెంటు ఖర్చు మైనింగ్ వాళ్లే మోసేలా నిబంధన వచ్చింది. ఆపడం వాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చింది, చివరికి తేల్చింది మాత్రం రేటే.

వాషింగ్టన్ రాష్ట్రంలోని గ్రాంట్ కౌంటీ కరెంటు సంస్థ రేటు దారి పట్టింది. 2018లో ఇలాంటి వ్యాపారాలకు వేరే కేటగిరీ పెట్టి, రేటు విడతలవారీగా పెంచింది. మైనింగ్ వాళ్లు కోర్టుకెక్కినా లాభం లేకపోయింది.

నన్నడిగితే రెండోదే మేలు, మీటరున్న చోట. మన దగ్గర స్లాబులే సగం పని చేస్తున్నాయి. 800 యూనిట్లు దాటితే ఇంటి కరెంటే యూనిట్ 10 రూపాయలు. మావాడి లెక్కన నెలకు 20 వేల పైమాటే. దానికి తోడు 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అందులో కరెంటు ఖర్చు మినహాయించుకోనివ్వరు.

మరి మీటరే లేని చోట? వ్యవసాయానికి 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు. బోరు దగ్గర షెడ్డు వేసి నాలుగు మిషన్లు పెడితే ఏ రేటూ అడ్డుకోదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే అది బాగయ్యేదాకా ఎండేది పక్క రైతు నారుమడి. వ్యవసాయ లైన్ మీద మాత్రం నిషేధమే ఉండాలి, గడువులూ గిడువులూ వద్దు.

ఇంకో తేడా ఉంది. ప్లాట్స్‌బర్గ్‌లో కరెంటు శాఖ ఊరిదే, అందుకే కౌన్సిల్ చెయ్యెత్తగానే కొత్త మైనింగ్ ఆగింది. మన కార్పొరేషన్ తీర్మానం చేస్తే గదిలో లొల్లి తగ్గొచ్చేమో, రేటు మారదు. కరెంటిచ్చేది ఎన్‌పీడీసీఎల్, రేటు ఖరారు చేసేది ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి. అడగాల్సింది ఈఆర్‌సీ బహిరంగ విచారణలో.

మావాడు అక్కడిదాకా పోలేదు. మొదటి బిల్లు చూసి మిషన్‌ను పాత దుప్పట్లో చుట్టి సజ్జ మీద పడేసిండు. ఓనరమ్మ ఇప్పుడు కూలర్ మోత గురించి తిడుతోంది.