సంఘ కాపరి (పాస్టర్) చేసిన తప్పును ఆయనకు ఎక్కడ చెప్పాలి: ఏకాంతంలోనా, సంఘ కమిటీలోనా?

ఏకాంతంగా చెప్పడం బైబిల్లో మత్తయి 18:15 చూపిన దారి. పరువు పోదు కనుక వినేవారి మనసు మూసుకుపోదు. ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర, సవర గిరిజనులు కూడా వచ్చే మా తెలుగు సంఘంలో ఒక పెద్ద, ఆరాధన తర్వాత కాపరి ఇంటికి వెళ్లి, "అయ్యగారూ, మీ ప్రసంగం సవర కుటుంబాలకు అర్థం కావడం లేదండీ" అన్నారు. ఆయన నొచ్చుకున్నారు. అయినా మరుసటి నెల నుంచి ఒక సవర యువకుణ్ని అనువాదానికి పక్కన నిలబెట్టుకున్నారు. నిర్గమకాండము 18లో మామ యిత్రో చెప్పిన మాటను మోషే విన్నదీ ఇలాగే. ఒక్కడివే తీర్పు తీరిస్తే నలిగిపోతావని ఆయన హెచ్చరించాకే వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులు వచ్చారు. ఎంత పెద్ద నాయకుడు, ఎంత త్వరగా మారాడు!

కానుకల లెక్కలు, ఒక వర్గాన్ని దూరం పెట్టడం వంటివి వేరు. అవి అందరినీ తాకుతాయి కనుక అందరిలోనే తేలాలి. అంతియొకయ పట్టణంలో అన్యజనులతో (యూదులు కానివారితో) భోజనం మానుకున్న తొలి సంఘ నాయకుడు పేతురును పౌలు అందరి ఎదుటే నిలదీశాడు (గలతీయులకు 2). కమిటీలో చెప్పేముందు కాపరికి విషయం తెలియజేయడం న్యాయం.

నేనైతే మొదట ఆయన ఇంటి తలుపే తడతాను. డబ్బు విషయమైతే మాత్రం ఆయనకు తెలియజేసి కమిటీకి వెళ్తాను.