అపలూసా కొనడానికి మాస్కో వెళ్లేవాళ్లకు

అపలూసా అంటే ఒంటిమీద చుక్కలుండే గుర్రాల జాతి. దానికోసం అమెరికాలోని ఐడాహో రాష్ట్రపు మాస్కోలో గుర్రాల సంత ఉంటుందనుకుని వెళ్తే నిరాశే. 1938లో పుట్టిన అపలూసా హార్స్ క్లబ్ ఆఫీసు, దాంతోపాటు మ్యూజియం ఊరికి పడమర పుల్‌మన్ రోడ్డు మీద ఉన్నాయి. అక్కడ ఉండేవి కాగితాలూ చరిత్రా. గుర్రాలు చుట్టుపక్కల రాంచుల్లో ఉంటాయి, యజమానితో ముందే మాట్లాడుకుని వెళ్లాలి. అయినా గుర్రం చూడకముందు ఆ మ్యూజియంలో ఒక గంట గడపండి. తుంటి మీద తెల్లదుప్పటి కప్పినట్టుండే బ్లాంకెట్‌కీ, ఒళ్లంతా చుక్కలుండే లెపర్డ్‌కీ తేడా తెలుస్తుంది.

బసకు మాస్కోనే మేలు. వెటర్నరీ ఆసుపత్రి ఉన్న వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పుల్‌మన్‌లో, 13 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అయితే రెండు ఊళ్లలోనూ యూనివర్సిటీలే కాబట్టి మే నెల స్నాతకోత్సవాలప్పుడు, ఫుట్‌బాల్ వారాంతాల్లో గదులు దొరకవు. సియాటిల్ నుంచి కారులో వచ్చే మనవాళ్లు ఆ తేదీలు చూసుకునే బయలుదేరాలి. దక్షిణాన 50 కిలోమీటర్లలో ఉన్న లూయిస్టన్ ఊరు లోయలో ఉంటుంది, ఎండాకాలం మండిపోతుంది. ఈ గుర్రాలను పెంచిన నెజ్ పెర్స్ అనే ఆదివాసీ ప్రజల చరిత్ర చెప్పే స్పాల్డింగ్ పార్కుకు మాత్రం అదే దగ్గర. అమెరికా సైన్యంతో జరిగిన 1877 యుద్ధంలో వాళ్ల గుర్రాలు ఎలా చేజారాయో తెలిశాక ఈ జాతి విలువ ఇంకోలా కనిపిస్తుంది. ఆ పార్కు వదలొద్దు.

ఇక గుర్రం. చుక్కలు చూసి మురిసిపోకండి, కళ్లు చూడండి. నల్లగుడ్డు చుట్టూ తెలుపు కనబడటం, ముట్టె మీద మచ్చల చర్మం, గిట్టల మీద నిలువు చారలు జాతి లక్షణాలే. కంటిమీద నీలిపొర, ఆగని నీరు, వెలుతురుకు ముడుచుకునే రెప్ప, ఒక కన్ను రెండోదానికన్నా చిన్నగా ఉండటం మాత్రం ప్రమాద సూచనలు. పదేపదే తిరగబెట్టే కంటివాపు ఈ జాతిలో మిగతావాటికన్నా సుమారు 8 రెట్లు ఎక్కువ, చివరికి చూపే పోవచ్చు. ఈ చుక్కలకు కారణమైన ఎల్‌పీ జన్యువు ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ వచ్చిన గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. దాదాపు తెల్లగా ఉండే ఫ్యూస్పాట్ గుర్రాలు ఈ కోవలోవే. పిల్లలన్నిటికీ ఆ జన్యువు తప్పక వస్తుంది గనుక సంతానం కోసం కొనేవాళ్లకు అవి ముద్దు, రాత్రి స్వారీకి పనికిరావు. అందుకే పగలు ఒకసారి, మునిమాపువేళ ఇంకోసారి నడిపించి చూడాలి.

జూలు వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి పంపితే జన్యు పరీక్ష చేస్తారు. ఫలితం రావడానికి రోజులు పడుతుంది, కాబట్టి రిపోర్టు ప్రయాణానికి ముందే అడగండి. క్వార్టర్ హార్స్ అనే ఇంకో జాతి రక్తం కలిసి ఉంటే హెచ్‌వైపీపీ, పీఎస్‌ఎస్‌ఎమ్1 అనే కండరాల జబ్బుల పరీక్షలూ చేయించమనండి. కొనేముందు పరీక్షకు అమ్మకందారు వాడే డాక్టరు వద్దు. కాలు మడిచి పట్టి వదిలాక పరుగెత్తించి కుంటు చూడటం, నొప్పి మందు ఇచ్చారేమో తేల్చడానికి రక్తం తీసి దాచడం తప్పనిసరి. వెటర్నరీ ఆసుపత్రి ఉన్న పుల్‌మన్ వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. ఐడాహో గుర్రాన్ని అక్కడికి తోలితే సరిహద్దు దాటినట్టే, ఏ కాగితాలు కావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేదంటే డాక్టరునే రాంచుకు పిలిపించండి.

బేరం చెడేది ఎక్కువగా కాగితాల దగ్గరే. రిజిస్ట్రేషన్ పత్రం మీద పేరు అమ్మేవాడిదేనా? నడుమ ఇద్దరు యజమానులు క్లబ్‌కు బదిలీ ఫారం పంపకుండా వదిలేసి ఉంటే, వాళ్ల సంతకాలు దొరికేదాకా గుర్రం మీ పేరుకు మారదు. సంతకం చేసిన ఫారం చేతికొచ్చాకే మిగతా డబ్బివ్వండి. డాక్టరు వద్దంటే బయానా వాపసు అని రాయించుకోండి. ఐడాహోలో యజమాని మారినా, గుర్రం రాష్ట్రం దాటినా బ్రాండ్ ఇన్‌స్పెక్షన్ (వాత గుర్తు, యజమాని ఎవరన్నది చూసే తనిఖీ) కావాలి, ఇన్‌స్పెక్టరును ముందురోజే పిలవాలి. అమ్మేవాళ్లయితే రెండు పక్కల ఫోటోలతోపాటు కళ్ల ఫోటోలు, కంటి వైద్యం రికార్డు ముందే పెడితే ఊరికే చూసిపోయేవాళ్లు తగ్గుతారు.

ట్రైలర్‌తో లూయిస్టన్ కొండ దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. సుమారు 600 మీటర్ల దిగుడు, బ్రేకు మీదే కాలు ఉంచితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. దూరప్రయాణమైతే నాలుగు గంటలకోసారి ఆపి నీళ్లు పట్టండి.