జాగ్రత్త: కండరాల జబ్బున్నవాళ్ళకి ఆక్సిజన్ మెషీన్ అద్దెకి తెచ్చేముందు ఇది చదవండి

ఇంట్లో ఎంఎన్‌డీ (కండరాలని నడిపే నరాలు పాడయ్యే జబ్బు), మస్క్యులర్ డిస్ట్రఫీ, మయస్తీనియా లాంటి కండరాలు బలహీనపడే జబ్బుతో ఎవరైనా ఉండి, వాళ్ళకి ఆయాసం వస్తోందని మెడికల్ సామాన్ల షాపుకి బయల్దేరుతుంటే ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. మేము ఆగలేదు. నాలుగు రోజుల్లో నాన్నగారు ఐసీయూలో ఉన్నారు. షాపు పేరు రాయను. ఆ ఒక్క షాపుతో పోయే సంగతి కాదిది, ఏ ఊళ్ళోనైనా జరగొచ్చు.

నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రాజమండ్రి నుంచి అమలాపురం బస్సు. వేమగిరి, జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట, అమలాపురం... దారిలో ఊళ్ళన్నీ ఒక్క గుక్కలో అరిచేవారు. ఎంఎన్‌డీ మొదట కుడిచేతికి వచ్చింది, తర్వాత కాళ్ళకి. మాట మాత్రం బాగానే ఉంది. కిందటి చలికాలంలో ఒకరోజు మనవడు సరదాగా అడిగితే ఆ ఊళ్ళ పేర్లు మళ్ళీ చెప్పారు. వేమగిరి అన్నాక ఆగి ఊపిరి తీసుకున్నారు. జొన్నాడ అన్నాక మళ్ళీ ఆగారు. మేమంతా నవ్వుకున్నాం, పెద్దవారయ్యారు కదా అని. అది మొదటి హెచ్చరిక అని మాకు తెలీదు.

ఆ తర్వాత వెల్లకిలా పడుకోలేకపోయారు. ఒక తలగడ రెండైంది, రెండు మూడయ్యాయి, చివరికి రాత్రంతా పడక్కుర్చీలోనే. పొద్దున్న లేవగానే తలనొప్పి. కాఫీ గ్లాసు చేతికిచ్చేలోపే కునికిపాట్లు. దగ్గితే గొంతులోంచి చిన్న గాలి తప్ప చప్పుడు వచ్చేది కాదు. అప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సింది. నేను షాపుకి వెళ్ళాను.

షాపతను మంచిగానే మాట్లాడాడు. ఇంటికొచ్చి నాన్నగారి వేలికి ఆక్సీమీటర్ పెట్టాడు. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 95 చూపించింది. "సాచురేషన్ బ్రహ్మాండంగా ఉందండీ, భయమేం లేదు. రాత్రిపూట రెండు లీటర్లు పెట్టండి, హాయిగా నిద్రపోతారు" అన్నాడు. ఐదు లీటర్ల కాన్‌సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషీన్), నెలకి 5,500 అద్దె, 10,000 డిపాజిట్. జబ్బేమిటని అతను అడగలేదు. డాక్టరు చీటీ అడగలేదు. నేనూ చూపించలేదు.

నిజంగానే నిద్రపోయారు. నాలుగోరోజు పొద్దున్న ఎనిమిదైనా లేవలేదు. పిలిస్తే కళ్ళు సగం తెరిచి మూసేస్తున్నారు. ఒళ్ళంతా చెమట. నేను కంగారుపడుతుంటే అమ్మ ఆక్సీమీటర్ పెట్టి చూసి, "98 ఉంది కదరా, అలిసిపోయుంటారు, పడుకోనియ్" అంది. ఆ 98ని నమ్మి ఇంకో గంట పోనిచ్చాం.

108లో ఆసుపత్రికి తీసుకెళ్తే క్యాజువాలిటీ డాక్టరు ముందు జబ్బు పేరు అడిగారు. చెప్పగానే మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీయించారు. దాన్ని ఏబీజీ అంటారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మధ్య ఉండాలట. నాన్నగారికి 84.

ఆ డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. ఊపిరితిత్తులు కొలిమి లాంటివైతే, వాటికి గాలి కొట్టే తిత్తి మన డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే పెద్ద కండరం), పక్కటెముకల మధ్య కండరాలు. ఈ జబ్బుల్లో కొలిమి బాగానే ఉంటుంది, తిత్తి బలహీనపడుతుంది. కొంచెం గాలి లోపలికెళ్ళినా రక్తానికి ఆక్సిజన్ అందుతుంది. లోపలున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలంటే మాత్రం తిత్తి బలంగా కొట్టాల్సిందే. అది పోక రోజురోజుకీ పేరుకుంటుంది. తలనొప్పి, మత్తు, అయోమయం దానివల్లే. పైనుంచి ఆక్సిజన్ పెడితే వేలిమీద అంకె ఇంకా బాగా కనిపిస్తుంది, లోపల విషం పెరుగుతూనే ఉంటుంది. ఆక్సీమీటర్ కార్బన్ డయాక్సైడ్‌ని కొలవదు. ఇలాంటి రోగుల్లో సాచురేషన్ పడిపోవడం చివర్లో జరిగే సంగతి.

ఊపిరితిత్తులే పాడైనవాళ్ళకి డాక్టరు రాసిన ఆక్సిజన్ ప్రాణం నిలుపుతుంది, ఆ మెషీన్‌ని నేను తప్పుపట్టడం లేదు. మీవాళ్ళకి ఇప్పటికే పెట్టి ఉంటే మీ అంతట మీరు తీసేయకండి కూడా. ఈరోజే న్యూరాలజీ డాక్టరుకి గానీ, పల్మనాలజీ డాక్టరుకి గానీ ఫోన్ చేసి, ఏబీజీ చేయించాలా అని అడగండి.

పొద్దుటి తలనొప్పి, పగటి కునుకు, తలగడలు పెరగడం, దగ్గు బలం తగ్గడం కనిపిస్తే ఆ వారంలోనే ఊపిరి పరీక్ష చేయించాలి. కూర్చుని ఒకసారి, పడుకుని ఒకసారి ఊదిస్తారు. పడుకున్నప్పుడు బాగా తగ్గితే డయాఫ్రమ్ బలహీనపడిందని అర్థం. కానీ మాట రెండు మూడు పదాలకే తెగిపోతుంటే, మెడ కండరాలు బిగుసుకుని పైకి లేస్తుంటే, ఊపిరి పీల్చినప్పుడు పొట్ట ఉబ్బాల్సింది పోయి లోపలికి పోతుంటే, సొంత లాలాజలం మింగలేక పొలమారుతుంటే, మనిషి లేపినా లేవకుండా మత్తుగా ఉంటే, అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు. అంకె 98 ఉన్నా సరే, వెంటనే 108.

ఇంట్లో చూసుకోడానికి ఒక పద్ధతి నేర్పారు. గుండెలనిండా ఊపిరి పీల్చి, సెకనుకి రెండు చొప్పున, మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఒకటి నుంచి లెక్కపెట్టమనాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 50 దాకా వెళ్తారు. 20 కూడా దాటలేకపోతే తిత్తి బాగా బలహీనపడినట్టే. ఇది పరీక్షకి బదులు కాదు, కానీ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది. మయస్తీనియా, గీయన్ బరే (నరాలు దెబ్బతిని కండరాలు త్వరగా బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్ళ విషయంలో ఇంకా తొందరపడాలి. నాన్నగారికి నెలలు పట్టింది వాళ్ళకి గంటల్లో జరిగిపోవచ్చు. మధ్యాహ్నం 30 లెక్కపెట్టిన మనిషి సాయంత్రానికి 18 దగ్గర ఆగితే తెల్లారేదాకా ఉండొద్దు. నిద్ర పట్టట్లేదని మందుల షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చి వేయడం ఇంకా ప్రమాదం, ఉన్న కాస్త ఊపిరినీ అది అణిచేస్తుంది.

నాన్నగారిని కాపాడింది బైప్యాప్. పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో గాలి తోసి, వదిలేటప్పుడు తగ్గించే మెషీన్. డిశ్చార్జి చీటీలో అదే రాసిచ్చారు. అదే షాపుకి వెళ్తే సీప్యాప్ చేతిలో పెట్టి "రెండూ ఒకటేనండీ, ఇది పదిహేను వేలు తక్కువ" అన్నాడు. ఒకటి కాదు. సీప్యాప్ ఎప్పుడూ ఒకే ఒత్తిడి ఇస్తుంది, గురక జబ్బుకి వాడేది అది. బలహీనపడిన తిత్తికి అది సాయం చేయదు. మీకు కావలసింది బైప్యాప్, అందులోనూ రోగి ఊపిరి తీసుకోవడం మరిచినా తనే గాలి ఇచ్చే బ్యాకప్ రేటు ఉన్నది. ఏ ఒత్తిళ్ళు, ఎంత రేటు అన్నది డాక్టరు చీటీలో ఉండాలి, షాపు కుర్రాడు ఉజ్జాయింపుగా పెట్టకూడదు.

వేరే షాపులో బైప్యాప్ తీసుకున్నాక కూడా ఒకటి జరిగింది. బిగించడానికి వచ్చిన అబ్బాయి, మాస్కు ముందున్న సన్నటి చిల్లుల్లోంచి గాలి వస్తోందని వాటిమీద తెల్ల ప్లాస్టరు అంటించేశాడు. పాపం సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. వదిలిన గాలి బయటికి పోయే దారే ఆ చిల్లులు. మూసేస్తే అదే గాలి మళ్ళీ లోపలికి వెళ్తుంది. సాయంత్రం నర్సమ్మ వచ్చి చూసి పీకేసింది కాబట్టి సరిపోయింది. మీరు తెచ్చిన మాస్కుకి చిల్లులున్నాయో లేవో వేలు పెట్టి చూడండి. లేకపోతే గొట్టానికైనా గాలి వదిలే రంధ్రం ఉండాలి. మా వీధిలో కరెంటు పోవడం మామూలే కనుక ఇన్వర్టరు మీద మెషీన్ ఎంతసేపు నడుస్తుందో పగలే నడిపించి చూసుకున్నాం, మీరూ చూసుకోండి.

ఇప్పుడు నాన్నగారి మంచం పక్కన గోడకి ఒక కాగితం అంటించాను. 108 వాళ్ళు రాగానే కనబడేలా పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: "ఎంఎన్‌డీ రోగి. ఊపిరితిత్తుల జబ్బు కాదు, ఊపిరి కండరాల బలహీనత. ఒక్క ఆక్సిజన్‌తో వదిలేయొద్దు, బైప్యాప్ కూడా కావాలి. ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ చూడండి. బైప్యాప్ మెషీన్, మాస్కు మాతో తెస్తున్నాం." డాక్టరుకి చూపించి రాసిందే. మీ డాక్టరుకి చూపించి, మీవాళ్ళ జబ్బు పేరుతో ఇవాళే ఒకటి రాసి పెట్టుకోండి.