ఆటో కోడింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఆర్నెల్లు: అయోర్టా దగ్గర మాత్రం జాగ్రత్త

ఆర్నెల్లుగా మా మెడికల్ కోడింగ్ టీమ్‌లో ఒక ఆటో కోడింగ్ సాఫ్ట్‌వేర్ (రిపోర్టు చదివి జబ్బు కోడ్ తానే సూచించేది) వాడుతున్నాం, పేరు వద్దులెండి. అన్నీ అమెరికా పేషెంట్ల రేడియాలజీ చార్టులే, అంటే అక్కడ జబ్బులకి వాడే కోడ్ల పట్టిక ఐసీడీ-10-సీఎం. మామూలు ఎక్స్‌రేలకి బాగానే పనిచేస్తుంది, టైం కలిసొస్తుంది, కాదనను. అబ్డామినల్ అయోర్టా (పొట్టలోని పెద్ద ధమని) రిపోర్టు వస్తే మాత్రం దీన్ని నమ్మి కళ్లు మూసుకోకండి.

మొన్న ఒక అల్ట్రాసౌండ్ వచ్చింది. ఇంప్రెషన్‌లో (డాక్టరు చివర్లో తేల్చి రాసే భాగం) ఉన్నది ఒక్క ముక్కే: ఇన్‌ఫ్రారీనల్ అబ్డామినల్ అయోర్టా కొద్దిగా ఎక్టాటిక్, 2.7 సెంటీమీటర్లు, నో అన్యూరిజం. అంటే కిడ్నీ ధమనుల కింద అయోర్టా కాస్త వెడల్పయింది, అన్యూరిజం (అంతకంటే పెద్ద ఉబ్బు) మాత్రం లేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కోడ్ ఐ71.43, అంటే రప్చర్ కాని (పగలని) ఇన్‌ఫ్రారీనల్ అన్యూరిజం! 'ఇన్‌ఫ్రారీనల్', 'అన్యూరిజం' రెండింటికీ పసుపు రంగు పూసి మరీ చూపించింది, పక్కనే ఉన్న 'నో' దాని కంటికి ఆనలేదు. రావాల్సింది ఐ77.811, అబ్డామినల్ అయోర్టిక్ ఎక్టేసియా (అయోర్టా వెడల్పవడం). పోనీ రెండూ వేసేద్దామా అంటే ఐ77.81 కింద ఎక్స్‌క్లూడ్స్1 నోట్‌లోనే (కలిపి వేయకూడని కోడ్ల జాబితా) అన్యూరిజం ఉంది, కుదరదు. చూడకుండా యాక్సెప్ట్ నొక్కి ఉంటే లేని జబ్బు ఆ మనిషి రికార్డులో కూర్చునేది, తర్వాత దాన్ని ఎవరు తీస్తారు?

రెండో గొడవ కొలతలతో. 3 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే అన్యూరిజం అనడం మామూలే, కానీ అలా అనాల్సింది డాక్టరు, కోడర్ కాదు. రిపోర్టులో '3.1, మైల్డ్‌గా డైలేటెడ్' అని ఆపేస్తే మనం అన్యూరిజం అని తేల్చకూడదు. కోడ్ పుస్తకం ఇండెక్స్‌లో డైలటేషన్, అయోర్టా అని వెతికినా ఎక్టేసియా దగ్గరికే పంపుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ అంకె చూసి అన్యూరిజం వేసేస్తుంది. సరే క్వెరీ (డాక్టరుకి రాసి పంపే ప్రశ్న) పెడదామంటే అందులో ఉన్న టెంప్లేటు 'ఇది అన్యూరిజం అని కన్ఫర్మ్ చేయండి' అనే ధోరణిలో ఉంది, అచ్చంగా లీడింగ్ క్వెరీ, జవాబు మనమే నోట్లో పెట్టినట్టు, ఆడిట్‌లో దొరికిపోతాం. అందుకే కొలత రాసి, ఎక్టేసియా, అన్యూరిజం, ఇతరం, చెప్పలేం అని ఆప్షన్లు పెట్టి నేనే టైప్ చేసుకుంటున్నా.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. 2022 అక్టోబర్ 1 నుంచి రప్చర్ కాని అబ్డామినల్ అన్యూరిజం కోడ్ ఐ71.4 విడిపోయింది కదా, పాత కోడ్ కొడితే అక్కడికక్కడే ఆపి పారారీనల్, జక్స్‌టారీనల్, ఇన్‌ఫ్రారీనల్ (కిడ్నీ ధమనులకి ఎటువైపు, ఎంత దగ్గరో చెప్పే రకాలు) ఎదురుగా పెడుతుంది, చోటు రాయకపోతే ఐ71.40 అని గుర్తుచేస్తుంది.

ఐదుకి రెండున్నర. ఆ 'నో అన్యూరిజం' స్క్రీన్‌షాట్, పేషెంట్ వివరాలు చెరిపేసి, సపోర్ట్‌కి పంపాను. కాన్ఫిడెన్స్ స్కోర్ 94 చూపిస్తోంది కదండీ అన్నారు.