ఎగిరి వెళ్లాలా, కారెక్కాలా: కోనసీమ విహారానికి పైలట్ల క్లబ్బుకు ఏది మేలు?

వృత్తిగా కాకుండా ఇష్టంతో విమానం నడిపేవారి క్లబ్బుల్లో సంక్రాంతి వెళ్లగానే విహారం గురించి తర్జనభర్జన మొదలవుతుంది. మా సభ్యుల్లో చాలామందికి కోనసీమలోనో పశ్చిమ డెల్టాలోనో చుట్టరికాలు ఉన్నాయి కనుక గోదావరి సీమకే వెళ్లాలన్న దానిలో పేచీ రాదు. ఎలా వెళ్లాలన్న దగ్గరే పేచీ. చిన్న విమానాల్లో అందరూ రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో దిగి, అక్కడి నుంచి కార్లు మాట్లాడుకుందామని కొందరు అంటారు. ఈ ఒక్కసారికి విమానాల ఊసెత్తకుండా రోడ్డు మీదే పోదామని మరికొందరు అంటారు. రెండు మూడు విమానాలు మాత్రం ఎగిరి, మిగిలినవారు కార్లలో వచ్చి, మధ్యాహ్నం భోజనాల దగ్గర కలిసే పద్ధతి మూడోది. ఖర్చూ కాలమూ లెక్క వేసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం మామూలే. అయితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం: దారిలో వాతావరణం నచ్చక ఒక పైలట్‌కు వెనక్కి తిరగాలనిపిస్తే, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పగలిగేది ఏ ఏర్పాటులో?

ఎగిరి వెళ్లడంలోని ఆకర్షణను తక్కువ చేసి చెప్పలేం. హైదరాబాదు నుంచి మధురపూడి గగనమార్గాన సుమారు 360 కి.మీ. గంటకు 200 కి.మీ. పైచిలుకు వేగంతో పోయే సెస్నా 172 అనే చిన్న విమానానికి ఎదురుగాలి లేకపోతే అది రెండు గంటల లోపు ప్రయాణం. గన్నవరం నుంచైతే ముప్పావుగంట చాలు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించగా 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట స్థానంలో ఈనాడు నిలిచిన బ్యారేజీని ధవళేశ్వరం గట్టు మీద నిలబడి చూస్తే ఒక ముక్కే కనబడుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలూ, వాటి నడుమ ఉన్న లంకలూ ఒకే చూపుకు అందేది పైనుంచి మాత్రమే. అక్కడి నుంచి గౌతమి తూర్పు పాయగా, వశిష్ఠ పడమటి పాయగా విడిపోవడం, వాటి మధ్య కోనసీమ తోటలు సముద్రం దాకా పరుచుకోవడం, దిగువన వశిష్ఠ నుంచి వైనతేయ చీలడం, అంతర్వేది దగ్గర నదినీరు కడలిలో కలిసిన చోట రంగు తేడా తెలియడం చూసినవారు, పుట్టి పెరిగిన ఊరు ఏ పాయకు ఏ పక్కన ఉందో అప్పుడే తమకు సరిగ్గా అర్థమైందని అంటారు.

చిక్కల్లా ఇదంతా ఎవరి పక్కన కూర్చుని చూస్తామన్నదే. బృందంగా ఎగరడం అన్నది వినడానికి బాగుంటుంది గానీ, పైలట్ల మధ్య ముందస్తు ఒప్పందం లేకుండా విమానాలను జట్టుగా దగ్గరదగ్గరగా నడపరాదన్నది అంతర్జాతీయ నియమం. ఆ విద్యలో శిక్షణ లేనివారు ఎంత ఒప్పందం చేసుకున్నా నడపకపోవడమే మంచిది. కొన్ని నిమిషాల ఎడంతో ఒకరి వెనక ఒకరు రావాలి, అంటే ముందు వెళ్లేవారు వెనకవారి కంటికి ఆనరు. రేడియో ఏటీసీతో, అంటే విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రంతో, మాట్లాడడానికే గాని మన కబుర్లకు కాదు. నాలుగు సీట్ల విమానమే అయినా నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే ట్యాంకు నిండా ఇంధనం పోయించుకునే వీలుండదు కాబట్టి, ఒక్కో విమానంలో ఇద్దరికో ముగ్గురికో మాత్రమే చోటుంటుంది. చిన్న విమానాలు తాగే అవ్‌గ్యాస్ ప్రతి విమానాశ్రయంలోనూ దొరకదు. తిరుగు ప్రయాణానికి ఎంత మిగలాలో బయలుదేరేముందే లెక్క చూసుకోవాలి. దిగాక విమానాన్ని తాళ్లతో కట్టి, కాగితాలు ముగించి బయటికి వచ్చేసరికి, దండలు పట్టుకుని వచ్చిన బావగారి పిల్లలు టెర్మినల్ గుమ్మం ముందు నీరసించిపోయి ఉంటారు. వాళ్లలో ఒకరు "ఒక్క రౌండు తిప్పండి, డబ్బులిస్తాం" అని అడగడమూ తప్పదు. ప్రైవేటు పైలట్ లైసెన్సు మీద ప్రతిఫలం పుచ్చుకుని ఎవరినీ ఎక్కించకూడదని అక్కడ నిలబడి వివరించడం మా సభ్యులకు అలవాటైపోయింది.

ఇవన్నీ ఓర్చుకోదగినవే. ఓర్చుకోరానిది మొహమాటం. ఒంటరిగా ఎగిరే పైలట్ ముందు పొగమంచు కనబడితే వెనక్కి తిరగడానికి ఎవరినీ అడగనక్కరలేదు. అదే పైలట్, ముందు వెళ్లిన ఇద్దరు మిత్రులు క్షేమంగా దిగారని విన్నాక, అక్కడ అరిటాకులు వేసి ఉంచారని తెలిశాక, మరో పది నిమిషాలు చూద్దామనుకుంటాడు. ఫిబ్రవరిలో కూడా గోదావరి పొడుగునా ఉదయాన్నే మంచు పట్టడం డెల్టాలో వింత కాదు. కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే నియమాల ప్రకారం కనీసం 5 కి.మీ. దూరం స్పష్టంగా కనబడాలి. ఆ దూరం తగ్గిపోతుంటే పైలట్ మనసు దాన్ని పెంచి చూపించుకుంటుంది. పైగా కింద దిగడానికి చోటు తక్కువ. ఇంజను ఆగిపోతే 3,000 అడుగుల ఎత్తు నుంచి సెస్నా 172 గాలిలో జారుతూ సుమారు 8 కి.మీ. పోగలదు. ఆ 8 కి.మీ. పరిధిలో కోనసీమలో ఉండేవి కొబ్బరిచెట్లు, కాలువలు, చెరువులు, దాళ్వా నాట్లు వేసిన బురద చేలు. ఆ చేలలో ముందు చక్రం దిగబడితే విమానం బోర్లాపడుతుంది. ఎగిరే విమానాల సంఖ్య పెరిగినకొద్దీ, తానొక్కడే వెనకబడ్డాననిపించుకోవడానికి ఇష్టపడని పైలట్ ఒకరైనా వాటిలో ఉండే అవకాశం పెరుగుతుంది. అందరూ ఎగిరి వెళ్లే ఏర్పాటుకు నేను ఓటు వేయకపోవడానికి ఇదే కారణం.

రోడ్డు ప్రయాణానికి ఈ బెడద లేదు. విమానంలో చోటు దక్కనివారికి, అంటే పైలట్ల భార్యలకు లేదా భర్తలకు, ఇంకా లైసెన్సు రాని శిష్యులకు, వైద్య ధ్రువపత్రం గడువు దాటిపోయి నడపడం మానేసిన పెద్దలకు ఇందులోనే సమానమైన చోటుంది. క్లబ్బుకు అసలు బలం ఆ పెద్దలే. సఖినేటిపల్లి రేవులో కార్లు పంటు మీదికి ఎక్కించి నరసాపురం వైపు దాటుతుంటే, అందరూ కార్లు దిగి రెయిలింగు పట్టుకుని నిలబడతారు. ఎదురుగాలిలో రన్‌వే మీదికి ఎలా దించాలో ఒక పెద్దాయన చేతులతో చూపిస్తుంటే, పక్కనున్న మోటారుసైకిలు ఆసామి కూడా బుట్ట కింద పెట్టి వింటాడు. ఆ పాఠం విమానంలో దొరకదు. రాత్రి విందు సంగతీ ఉంది. విమానం నడపడానికి ముందు 12 గంటల లోపు మద్యం ముట్టరాదు కాబట్టి, మర్నాడు పొద్దున్నే నడపవలసినవారు విందులో మజ్జిగ గ్లాసుతో సరిపెట్టుకోవలసిందే. ఇక పులస మీద మనసున్నవారికి ఎంపిక ప్రసక్తే లేదు: పుస్తెలమ్మి అయినా తినాలనే ఆ చేప వరదనీటికి ఎదురీదుతూ వచ్చే శ్రావణ భాద్రపదాల్లో మబ్బులు నేలకు దిగి ఉంటాయి, చిన్న విమానాల మాట మరచిపోవడమే.

రోడ్డుకు లోపం ఒక్కటే, అయితే అది చిన్నది కాదు. విమానం ఊసే లేని విహారం వరసగా సాగితే పైలట్ల క్లబ్బు భోజనాల క్లబ్బుగా మారిపోతుంది.

అందుకే నేను మూడో పద్ధతికి మొగ్గుతాను, అయితే కొన్ని కట్టుబాట్లతో. ఎగిరేవి రెండు మూడు విమానాలకు మించకూడదు. వెళ్లేటప్పుడు నడిపినవారు వచ్చేటప్పుడు కారెక్కి, తమ సీటు మరొకరికి ఇవ్వాలి. ఆత్రేయపురం పూతరేకులూ తాపేశ్వరం కాజాలూ ఎన్ని డబ్బాలు కొన్నా కార్లలోనే వెళ్లాలి. ప్రతి విమానానికీ గన్నవరంలో దిగే ఏర్పాటు ముందే ఆలోచించి ఉంచాలి, అక్కడి నుంచి తీసుకురావడానికి ఒక కారు కేటాయించాలి. "మీరు కానివ్వండి గురువుగారూ, నేను గన్నవరంలో దిగిపోతాను" అన్న కబురు అందినప్పుడు ఎందుకని అడగకుండా కారు పంపేవారికే ఆ పని అప్పగించాలి. భోజనం రోడ్డు మీద వచ్చేవారి లెక్కకే చెప్పాలి. పన్నెండున్నరకు వడ్డన మొదలవుతుందని, విమానాల్లో వచ్చేవారి కోసం ఎవరూ విస్తరి ముందు ఎదురుచూడరని బయలుదేరే ముందు రోజే పైలట్లందరికీ తెలియజేయాలి.