జాగ్రత్త: “పగలని” ఫ్లెక్సిబుల్ పళ్ల సెట్టుకు అడ్వాన్సు కట్టే ముందు

వెనక దవడపళ్లన్నీ పోయినవాళ్లకు కూడా ఫ్లెక్సిబుల్ సెట్టు అంటగట్టడం కనిపిస్తోంది. పగలదు, తీగలు కనపడవు, పక్కపళ్లు అరగదీయక్కర్లేదు అంటారు. మూడూ చాలావరకు నిజమే. అది పంటి మీద ఆనదని, బరువంతా చిగురు మీదే వేస్తుందని మాత్రం చెప్పరు.

ఫ్లెక్సిబుల్ అంటే నైలాన్, నమిలినప్పుడు వంగుతుంది. మెటల్ ఫ్రేము సెట్టుకైతే పక్కపంటి పైభాగంలో కూర్చునే చిన్న లోహపు ముక్క ఉంటుంది. దాన్ని రెస్ట్ అంటారు. నమిలే బరువు దాని మీదుగా పంటి వేరుకు దిగుతుంది. నైలాన్ సెట్టుకు మామూలుగా రెస్ట్ ఉండదు. వెనకవైపు ఆనడానికి పన్నే లేనిచోట ముద్ద నమిలిన ప్రతిసారీ సెట్టు కిందికి దిగుతుంది. ముందు పుండు పడుతుంది, పోనుపోనూ చిగురు కింది ఎముక అరిగి సెట్టు వదులవుతుంది. పక్కపళ్లను పట్టుకునే గులాబీరంగు రెక్క చిగురును కప్పేస్తుంది కాబట్టి, శుభ్రం సరిగా లేకపోతే అక్కడ పాచి చేరి ఆ పళ్లూ దెబ్బతింటాయి.

వదులయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. అక్రిలిక్ (మామూలు గట్టి ప్లాస్టిక్) సెట్టయితే లోపలివైపు కొత్త పొర వేసి మళ్లీ బిగుతు చేస్తారు, దాన్ని రీలైన్ అంటారు. ఆ పొర నైలాన్‌కు సరిగా అతుక్కోదు, ల్యాబ్‌కు పంపాల్సిందే. చాలాసార్లు “కొత్తది చేయించుకోండి” అనే జవాబే వస్తుంది. పన్ను ఊడినా ఇదే వరస. అక్రిలిక్ పన్ను అక్రిలిక్‌తో రసాయనికంగా కలిసిపోతుంది. నైలాన్‌లో పంటికి బెజ్జాలు పెట్టి, వాటిలోకి నైలాన్ ఎక్కించి పట్టి ఉంచుతారంతే. గుచ్చుకునే చోట అరగదీస్తే పీచులు లేస్తాయి, ఆ గరుకులో పసుపు, టీ మరకలు దిగుతాయి.

అటూ ఇటూ గట్టి పళ్లుండి మధ్యలో ఒకటి రెండు పోయినవాళ్లకు, అక్రిలిక్ పడనివాళ్లకు, ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే లోహపు స్క్రూ) పని పూర్తయ్యేదాకా తాత్కాలికంగా పెట్టుకునేవాళ్లకు ఇది బాగానే పనికొస్తుంది. దవడకు రెండువైపులా వెనకపళ్లు పోయి, మిగిలిన పళ్లు గట్టిగా ఉంటే కోబాల్ట్ క్రోమ్ అనే లోహంతో చేసిన మెటల్ ఫ్రేము సెట్టు అడగండి. అంగిలి మీద అక్రిలిక్ రేకు సుమారు 2 మి.మీ. మందం ఉంటే లోహపు రేకు అర మిల్లీమీటరు చాలు, కాబట్టి నాలుకకు అడ్డు తక్కువ. ఇందులోనూ ఒక కిటుకుంది: రెస్ట్ కూర్చోవడానికి పంటి మీద 1 నుంచి 1.5 మి.మీ. లోతు గుంట చెక్కి, ఆ తర్వాతే చివరి అచ్చు తీయాలి. పంటిని తాకకుండానే “మెటల్ సెట్టు” కొలత తీసేస్తే, రెస్ట్ ఎక్కడ కూర్చుంటుందో అక్కడే అడగండి. గిల్టు నగలకు దురద వచ్చేవాళ్లు నికెల్ లేని లోహమే కావాలని బిల్లు మీద రాయించుకోవాలి.

పూర్తి సెట్టుకు “రెండు విజిట్లలో పళ్లు” అంటే ఏ మెట్టు వదిలేస్తున్నారో కనుక్కోండి. పద్ధతిగా చేస్తే మొదటి అచ్చు, మీ దవడకే చేసిన ట్రేతో అంచులు మలిచి తీసే రెండో అచ్చు, మైనపు దిమ్మలతో దవడల ఎత్తు కొలత, మైనంలో పళ్లు పెట్టి ట్రయల్, ఆఖరికి సెట్టు ఇవ్వడం. దాదాపు ఐదుసార్లు వెళ్లాలి. రెండో అచ్చు ఎగ్గొడితే అంచులు సరిగా రావు, ఆవలిస్తే పై సెట్టు జారుతుంది. ట్రయల్‌లో సిగ్గుపడకుండా గట్టిగా మాట్లాడండి. “సీసా, సరస్సు” అంటే పళ్లు టకటకలాడకూడదు. “కాఫీ, ఫోను” అన్నప్పుడు పైపళ్ల అంచు కింది పెదవిని తేలిగ్గా తాకాలి. దవడ వదులుగా ఉంచితే పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య 2 నుంచి 4 మి.మీ. ఖాళీ ఉండాలి. మైనంలో ఉన్నంతవరకే పళ్లు జరపడం తేలిక.

కింది సెట్టు విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. పైన అంగిలంతా పట్టు దొరుకుతుంది. కింద దొరికేది గుర్రపునాడా ఆకారంలో సన్నటి చిగురు గట్టు, పైగా నాలుక తోస్తూనే ఉంటుంది. 2002లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో కలిసిన నిపుణులు, పళ్లు పూర్తిగా పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద బిగిసే సెట్టునే మొదటి ఎంపికగా సూచించారు. అందులో బిగింపు కోసం వాడే నైలాన్ లేదా రబ్బరు రింగులు అరిగిపోతాయి, వాటిని మార్చే ఖర్చెంతో ముందే తేల్చుకోండి.

రెండు రకాల జోలికి అసలు పోవద్దు. ఒకటి, అంగిలి మధ్యలో రబ్బరు బిళ్ల పెట్టిన సెట్టు. ఆ బిళ్ల కండను ఎప్పుడూ పీలుస్తూనే ఉంటుంది. కొన్నేళ్లకు అంగిలికి చిల్లు పడి, తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చినవాళ్లున్నారు. రెండు, “గంటలో ఫిక్స్‌డ్ పళ్లు” అంటూ నోట్లోనే అక్రిలిక్ పిండి కలిపి పక్కపళ్లకు అతికించేది. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, మిగిలిన ద్రవం చిగురును మండిస్తుంది, తీసి కడగడానికి ఉండదు, ఆనుకున్న మంచిపళ్లూ పుచ్చిపోతాయి. ఇలాంటి పని చేసేవాళ్లను రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి చూడండి.

పళ్లు తీయించిన వెంటనే సెట్టు పెట్టించుకుంటే అది తాత్కాలికమే. మొదటి ఆరు నెలల్లో పళ్లు ఉన్నచోటి ఎముక గట్టు బాగా కరుగుతుంది. అందుకే అక్రిలిక్‌లోనే చేయించుకుని, రీలైన్ ఖర్చు ఆ ధరలో కలిసిందో లేదో రాయించుకోండి. వారంటీ కార్డు ఇస్తే అది పగుళ్లకా, వదులవడానికా అన్నదీ చూసుకోండి.

కొత్త సెట్టు ఒరిసి పుండు పడితే ఇంట్లో గరుకు కాగితంతో అరగదీయొద్దు. తీసి పక్కన పెట్టినా, చూపించడానికి వెళ్లే ముందు కొన్ని గంటలు పెట్టుకుని వెళ్లండి. ఒరిసే చోట ఎర్రగా కందితేనే ఎక్కడ తగ్గించాలో డాక్టరుకు తెలుస్తుంది.